ఆదిత్య ఎల్‌-1 పనిచేస్తుండగా మన చిన్న టెలిస్కోపులతో సూర్యమచ్చలు లెక్కించడం వల్ల శాస్త్రానికి ప్రయోజనం ఉందా? – పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంత ఖగోళ ఔత్సాహికుల చర్చ

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 80 మిల్లీమీటర్ల కటకం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం (కటకం నుంచి బింబం ఏర్పడేచోటికి దూరం) ఉన్న టెలిస్కోపు ఒకటి ఉంది. దాని ముందుభాగానికి సౌరఫిల్టరు పొరను చట్రంలో బిగించి, ఉద్యోగానికి బయలుదేరే ముందు మేడమీద సూర్యబింబాన్ని చూసి, కనబడిన మచ్చలను పుస్తకంలో గీసుకోవడం కొన్నాళ్లుగా అలవాటయింది. 2024 మే నెలలో 13664 సంఖ్యతో నమోదైన మచ్చల సమూహాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. భూమి వ్యాసానికి దాదాపు 15 రెట్ల మేర పరుచుకున్న ఆ సమూహం టెలిస్కోపు లేకుండానే, గ్రహణపు కళ్లద్దాలతోనే కనబడింది. దాని నుంచి వెలువడిన విస్ఫోటాల ఫలితంగానే మే 10, 11 తేదీల రాత్రి లదాఖ్‌లోని హాన్లేలో ఎర్రని ధ్రువకాంతి (అరోరా) కనిపించింది.

నా సందేహం ఇది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్‌-1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యకు చేరి, అప్పటినుంచి గ్రహణాలూ మబ్బులూ అడ్డురాకుండా సూర్యుణ్ణి చూస్తూనే ఉంది. అటువంటప్పుడు పర్లాకిమిడి మేడమీద నేను పెన్సిలుతో గీసే బొమ్మ వృత్తిశాస్త్రవేత్తలకు ఏ విధంగానైనా పనికివస్తుందా, లేక నా సంతోషం కోసమే చేసుకుంటున్నానా? పనికివచ్చేటట్లయితే దాన్ని ఎవరికి, ఏ రూపంలో పంపాలి? అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

రాయగడ భౌతికం (రాయగడ):

నిష్ఠురంగా అనిపించినా నా అభిప్రాయం చెబుతాను. నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. 2010 ఫిబ్రవరిలో అమెరికా ప్రయోగించిన సౌర గతిశాస్త్ర ఉపగ్రహంలోని ఒక పరికరం ప్రతి 45 సెకన్లకు ఒకసారి సూర్యబింబం మొత్తాన్నీ కొలుస్తుంది. నేలమీద చూసినా, ఉదయపూర్‌తో కలిపి ఆరు కేంద్రాలున్న గాంగ్ వ్యవస్థ ప్రపంచం చుట్టూ విస్తరించి, ఒకచోట పొద్దు గుంకేసరికి మరొకచోట పరిశీలన కొనసాగేటట్లు 1995 నుంచి పనిచేస్తోంది. ఆదిత్యలోని సూట్ దూరదర్శిని 200 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో బొమ్మలు తీస్తోంది. ఆ కాంతిలో అధికభాగం మన వాతావరణం దాటి కిందికి రాదు. ఇన్నింటి మధ్య 80 మిల్లీమీటర్ల కటకంతో గీసిన పెన్సిలు బొమ్మ కొత్తగా ఏం చెబుతుందో నాకు అర్థం కావడం లేదు. పిల్లలకు ఆసక్తి కలిగించడానికి చేస్తే మంచిదే. కాని దానికి పరిశోధనలో భాగస్వామ్యం అని పెద్ద పేరు పెట్టుకోవడం ఎందుకు?

గుణుపురం మాస్టారు (గుణుపురం):

భౌతికం గారి ప్రశ్న న్యాయమైనదే కాబట్టి కాస్త వివరంగా సమాధానం చెబుతాను.

సూర్యుడి విషయంలో ఔత్సాహికులు ఏదో పక్కన నిలబడి సాయంపట్టినవారు కారు. సూర్యమచ్చలు సుమారు పదేళ్లకు ఒకసారి పెరిగి తగ్గుతాయని మొట్టమొదట గుర్తించిన ష్వాబే జర్మనీలోని డెస్సావ్ పట్టణంలో మందుల దుకాణం నడిపినవాడు. బుధుడికంటే లోపల ఏదైనా గ్రహం ఉందేమో, అది సూర్యబింబం మీదుగా దాటుతుందేమో చూడాలని 1826లో మొదలుపెట్టి, మచ్చలను దానితో పొరబడకుండా ఉండేందుకు వాటిని రోజూ నమోదు చేశాడు. గ్రహం దొరకలేదు, సౌరచక్రం దొరికింది. 1859 సెప్టెంబరు 1న మొట్టమొదటి సౌరజ్వాలను చూసిన కారింగ్టన్, హాడ్జ్‌సన్ ఇద్దరూ సొంత ఖర్చుతో పరిశీలన చేసుకున్నవారే. మన గుంటూరులో 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూసిన జాన్సెన్, గ్రహణం లేకున్నా సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటదర్శినితో చూడవచ్చునని మరునాడే నిరూపించాడు. అదే సంగతిని అక్టోబరులో ఇంగ్లండులో విడిగా కనిపెట్టిన లాకియర్ అప్పటికి యుద్ధ కార్యాలయంలో గుమాస్తా. ఇద్దరి ఉత్తరాలూ ఫ్రెంచి అకాడమీకి ఒకే రోజున అందాయి.

ఇవి పాత కథలు, ఇప్పటి మాట చెప్పమని మీరంటారు. ఇప్పటి మాట మచ్చల సంఖ్య. జ్యూరిక్‌లో రుడాల్ఫ్ వోల్ఫ్ 1848 ప్రాంతంలో ఏర్పరచిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. కనబడిన సమూహాల సంఖ్యను పదితో హెచ్చించి, విడివిడి మచ్చల సంఖ్యను దానికి కలిపి, వచ్చినదాన్ని పరిశీలకుడి గుణకంతో, అంటే అతని లెక్కను మిగిలినవారి లెక్కతో సమం చేసే సంఖ్యతో, హెచ్చించాలి. బింబం మీద ఒకే ఒక్క మచ్చ ఉంటే ఒక సమూహం, ఒక మచ్చ, అంటే గుణకానికి ముందు పదకొండు. 1981 నుంచి ఈ లెక్కను బెల్జియంలోని రాయల్ అబ్జర్వేటరీ వారి సిల్సో కేంద్రం చూసుకుంటోంది. వివిధ దేశాల నుంచి దానికి ప్రతినెలా లెక్కలు పంపేవారిలో సంస్థలకంటే సొంత టెలిస్కోపుతో ఇంటివద్ద చూసే వ్యక్తులే ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ గుణకం. మన పల్లెల్లో ఒక్కో ఇంటి కుంచం కాస్త పెద్దదో చిన్నదో అయినా, ఏళ్ల తరబడి అదే కుంచంతో కొలిచినంతకాలం ఆ ఇంటి లెక్క కుదురుతుంది. మధ్యలో కుంచం మారిస్తేనే చిక్కు. మచ్చల లెక్కా అంతే. మీ కటకం చిన్నదని, మీ చూపు మందమని సిల్సో వారికి అభ్యంతరం లేదు. మీరు అదే టెలిస్కోపుతో, అదే పద్ధతిలో, విడవకుండా చూస్తే మీ గుణకాన్ని వారు లెక్కగట్టుకుంటారు. ఉపగ్రహాలు కొన్నేళ్లో కొన్ని దశాబ్దాలో పనిచేసి ఆగిపోతాయి, తరువాతిది వేరే కెమెరాతో వస్తుంది. టెలిస్కోపుతో సూర్యమచ్చలు చూడడం మాత్రం 1610 నుంచి, గెలీలియో కాలం నుంచి, కంటితోనే సాగింది. ఆ నాలుగు వందల ఏళ్ల వరుసకు ఈనాటి లెక్కను అతకాలంటే ఈనాడు కూడా కొందరు కంటితోనే లెక్కపెడుతూ ఉండాలి.

కాశీనగరం టీచరమ్మ (కాశీనగరం):

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. చర్చ ముందుకు పోయేముందు ఒక్క జాగ్రత్త చెప్పనివ్వండి. ఇది చదివి ఎవరైనా పిల్లవాడు ఇంట్లో ఉన్న టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పితే కన్ను శాశ్వతంగా పోతుంది. ఫిల్టరు ఎప్పుడూ కటకానికి ముందు ఉండాలి. పాత చౌకరకం టెలిస్కోపులతోపాటు ఐపీసుకు (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే నల్లని గాజుబిళ్ల ఒకటి వచ్చేది. లోపల కేంద్రీకృతమైన వేడికి అది చూస్తుండగానే పగిలిపోగలదు. అటువంటిది ఉంటే పారవేయండి. పక్కన ఉండే చిన్న ఫైండరుకు (గురి చూసుకునే బుల్లి టెలిస్కోపుకు) మూత వేసి టేపు చుట్టండి. మసి పట్టించిన గాజు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. ఫిల్టరు పొరలలో ఫొటోలకు మాత్రమే ఉద్దేశించిన పలుచని రకం కూడా ఉంటుంది, దాన్ని కంటితో చూడడానికి వాడకూడదు.

మా బడిలో మేము ఫిల్టరుతో కాకుండా బింబాన్ని కాగితం మీద పడేటట్లు చేసే పద్ధతిని పాటిస్తున్నాము. ఒకేసారి పదిమంది పిల్లలు చూడగలుగుతారు, ఎవరూ ఐపీసులో కన్ను పెట్టనవసరం లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

టీచరుగారూ, కాగితం మీద బింబం ఎంత పెద్దది పడుతుంది? దూరం ఎలా నిర్ణయిస్తారు?

కాశీనగరం టీచరమ్మ (కాశీనగరం):

సాధారణంగా 15 సెంటీమీటర్ల వలయం వాడతారు. మీ టెలిస్కోపుకే లెక్క చెబుతాను. నాభ్యంతరాన్ని సుమారు 109తో భాగిస్తే నాభి వద్ద పడే సూర్యబింబం పరిమాణం వస్తుంది. మీకు 8 మిల్లీమీటర్లకు కాస్త పైన. దాన్ని 15 సెంటీమీటర్లు చేయాలంటే 18 రెట్లు పెంచాలి. 20 మిల్లీమీటర్ల ఐపీసుతో అయితే కాగితం దాని వెనుక 38 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి బింబం పెద్దదవుతుంది, జూలైలో చిన్నదవుతుంది; తేడా మూడు శాతం పైచిలుకు. అందువల్ల కాగితపు పలకను కొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపే వీలు ఉంచుకోవాలి. ఈ పద్ధతికి పాతకాలపు సాదా ఐపీసు మంచిది. జిగురుతో అతికించిన కటకాలున్నవీ, ప్లాస్టిక్ భాగాలున్నవీ వేడికి చెడిపోతాయి.

పిల్లలకు అన్నిటికంటే నచ్చేది దిక్కులు గుర్తించడం. టెలిస్కోపును కదపకుండా వదిలేస్తే బింబం కాగితం మీద తనంతట తానే జరిగిపోతుంది. తన వెడల్పు మేర జరగడానికి రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. ఒక మచ్చను ఎంచుకుని, అది కాగితం మీది అడ్డగీతను అంటిపెట్టుకుని చివరిదాకా జరిగేటట్లు పలకను తిప్పుతారు. అలా కుదిరితే ఆ గీత తూర్పు పడమరలు, మచ్చ పోయిన వైపు పడమర. అప్పుడు మళ్లీ బింబాన్ని వలయంలో నిలిపి, ఒక అమ్మాయి గొడుగుతో కాగితానికి నీడ పడుతుంటే మరొక అమ్మాయి సన్నని పెన్సిలుతో ముందు నల్లని నడిమి భాగాలనూ, తరువాత చుట్టూ ఉన్న బూడిదరంగు అంచులనూ గీస్తుంది. అనుమానంగా కనబడిన చుక్క మచ్చా, కాగితం మీది మరకా అన్నది తేల్చడానికి కాగితాన్ని కొద్దిగా కదిలిస్తారు. మరకయితే కాగితంతో పాటు కదులుతుంది.

బరంపురం విద్యార్థి (బరంపురం):

నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను. మాస్టారు చెప్పిన గుణకం విషయానికి కొంత జోడిస్తాను. నాకు ఈ చరిత్రలో ఎక్కువ ఆసక్తి కలిగించినది ఇదే.

వోల్ఫ్ మరీ చిన్న మచ్చలను లెక్కలోకి తీసుకునేవాడు కాడు. అతని వారసుడు వోల్ఫర్ అన్నిటినీ లెక్కపెట్టాడు. ఇద్దరి లెక్కలూ పొసగడానికి వోల్ఫర్ సంఖ్యను 0.6తో హెచ్చించడం మొదలైంది, ఆ 0.6 శతాబ్దానికి పైగా అలాగే ఉండిపోయింది. తరువాత జ్యూరిక్‌లో పెద్ద మచ్చను ఒకటిగా కాక, పరిమాణాన్ని బట్టి రెండుగానో మూడుగానో, ఐదు వరకూ లెక్కించే పద్ధతి ప్రవేశించింది. స్విట్జర్లాండులోని లొకార్నో కేంద్రం వారు జ్యూరిక్ దగ్గర నేర్చుకున్న ఆ పద్ధతినే పాటించారు, పైగా ప్రపంచంలోని మిగిలిన పరిశీలకుల లెక్కలన్నిటినీ లొకార్నోతోనే పోల్చేవారు. ఆ విధంగా ఒక్కచోటి అలవాటు ప్రపంచపు లెక్క మొత్తాన్నీ దాదాపు 18 శాతం పెంచింది. లొకార్నో పరిశీలకులు ఒకే మచ్చలను రెండు విధాలుగానూ లెక్కించి చూసినప్పుడు ఈ తేడా ఎంతో స్పష్టంగా తేలింది. 2015 జూలై 1న సిల్సో వారు విడుదల చేసిన సవరించిన వరుసలో ఈ పెంపును తొలగించారు, పాత 0.6ను కూడా తీసివేసి వోల్ఫర్ లెక్కనే ప్రమాణంగా పెట్టారు. అందుకే పాత పుస్తకాలలోని సంఖ్యలకూ, ఇప్పటి సంఖ్యలకూ పొంతన ఉండదు.

ఇటువంటి సవరణలకు ఆధారం ఒకే మనిషి, ఒకే టెలిస్కోపుతో, చాలాకాలం చేసిన పరిశీలనలే. జపానులో హిసాకో కొయామా ఔత్సాహికురాలిగా మొదలై, టోక్యోలోని విజ్ఞాన ప్రదర్శనశాలలో 20 సెంటీమీటర్ల టెలిస్కోపుతో 1947 నుంచి దాదాపు నాలుగు దశాబ్దాలు మచ్చలు గీశారు. ఇరవయ్యో శతాబ్దపు వరుసను సరిచూడడానికి ఆమె బొమ్మలు నేడు ప్రామాణికమైన ఆధారాలలో ఒకటి.

వరుస ఎందుకింత ముఖ్యమని అడిగితే, మన పొరుగునే ఉదాహరణ ఉంది. కోల్‌కతా ఐసర్‌లో ప్రాంతిక భౌమిక్, దివ్యేందు నంది గార్లు శతాబ్దకాలపు మచ్చల నమోదులతో తమ కంప్యూటరు నమూనాలను నడిపి, ఇరవై అయిదవ సౌరచక్రం గడచినదానికంటే బలహీనంగా ఉండదనీ, అంతే ఉంటుందనీ, లేదా కాస్త బలంగా ఉంటుందనీ 2018లోనే ప్రకటించారు. బలహీనపడుతుందని అప్పట్లో చాలామంది అనుకుంటున్నారు. గడచిన చక్రంలో, 2014లో, మచ్చల సంఖ్య సగటు శిఖరం 116 కాగా, 2024 అక్టోబరులో వచ్చిన శిఖరం దాదాపు 161. దిశ సరిపోయింది, అసలు పెరుగుదల మాత్రం "కాస్త" కంటే ఎక్కువే ఉంది.

రాయగడ భౌతికం (రాయగడ):

మచ్చల సంఖ్య విషయంలో మీ వాదన అంగీకరిస్తున్నాను. వరుస తెగకుండా ఉండడం అన్నది పరికరం గొప్పతనంతో నిమిత్తం లేని విలువ. అయితే మన సమూహాలలో కనబడేది ఈ పని కాదు గదా! కనబడేవన్నీ రంగులు పూసిన, అంచులకు పదును పెట్టిన, కంప్యూటరు తనకు తోచినట్లు నింపిన సూర్యుడి ఫొటోలు. వాటి కింద తేదీ ఉంటుంది, సమయం ఉండదు. ఏ ఫిల్టరో ఉండదు. ఉత్తరం ఏ వైపో తెలియదు. వాటిని చూసి అందరూ మెచ్చుకుంటారు, ఏ శాస్త్రవేత్తా వాటిని ముట్టుకోడు.

జయపురం నీలాకాశం (జయపురం):

ఆ ఫొటోలు తీసేవారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఉలిక్కిపడ్డాను. మీరన్నది నిజమే. అందంగా తయారుచేసిన ఫొటోను ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కాని మూలప్రతి చెక్కుచెదరకుండా ఉండాలి. దానితోపాటు సార్వత్రిక సమయం (మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనుక ఉండే గ్రీనిచ్ సమయం), ఫిల్టరు, దిక్కు రాసి ఉండాలి.

అయితే ఫొటోలన్నిటినీ ఒకే గాటన కట్టవద్దని మనవి. హైడ్రోజన్ ఎరుపు కాంతిలో, అంటే 656.28 నానోమీటర్ల వద్ద, కాంతిమండలం (మామూలుగా కనబడే సూర్యుడి ఉపరితలం) పైనున్న వర్ణమండలం అనే పొర కనబడుతుంది. అంచున జ్వాలలు, బింబం మీద నల్లని పోగులు, సౌరజ్వాల పుట్టిన చోట ఉన్నట్టుండి మెరుపు కనిపిస్తాయి. ఇందుకు కావలసిన ఫిల్టరు టెలిస్కోపులు మనవంటివారికి చాలా ఖరీదు. ఈ మధ్య ఫ్రాన్సులో క్రిస్టియన్ బుయిల్ అనే ఔత్సాహికుడు రూపొందించిన సోలెక్స్ అనే పరికరం ఆ అడ్డంకిని తొలగించింది. త్రీడీ ప్రింటరుతో డబ్బా అచ్చు వేసుకుని, సన్నని చీలికనూ, కాంతిని రంగులుగా విడదీసే, మిల్లీమీటరుకు 2400 గీతలున్న గ్రేటింగునూ, రెండు చిన్న కటకాలనూ, కెమెరానూ అమర్చుకుంటే చాలు. టెలిస్కోపును కదపకుండా బింబాన్ని చీలిక మీదుగా జరగనిచ్చి వీడియో తీస్తే, వలెరీ దెనూ రాసిన ‘ఇంటి’ (INTI) అనే ప్రోగ్రాము ఆ వీడియోలోని ఒక్కొక్క గీతనూ పక్కపక్కన పేర్చి సూర్యుడి బొమ్మను తయారుచేస్తుంది. కాల్షియం కాంతి కావాలంటే గ్రేటింగును కాస్త తిప్పితే సరిపోతుంది, మరొక ఫిల్టరు కొననవసరం లేదు.

ఇందులో విశేషం, ఇది ఒకే రంగు కాంతిలో సూర్యుణ్ణి గీతలు గీతలుగా చిత్రించే పాత స్పెక్ట్రోహీలియోగ్రాఫే. కొడైకెనాల్‌లో 1904 నుంచి కాల్షియం కాంతిలో, 1912 నుంచి హైడ్రోజన్ కాంతిలో సూర్యుణ్ణి ఫలకాల మీదికి ఎక్కించినది ఈ పద్ధతిలోనే. పారిస్ దగ్గరి మ్యూడాన్ పరిశోధనశాల కూడా శతాబ్దం పైగా ఈ పద్ధతిలోనే పనిచేస్తోంది. తమకు మబ్బు పట్టిన రోజుల ఖాళీలను పూరించడానికి అక్కడి శాస్త్రవేత్తలు సోలెక్స్ వాడే ఔత్సాహికులతో చేతులు కలిపారు. పద్ధతి ఒకటే కావడం వల్లనే ఔత్సాహికుల బొమ్మలను మ్యూడాన్ బొమ్మలతో పోల్చడానికి వీలైంది.

రాయగడ భౌతికం (రాయగడ):

ఈ సంగతి నాకు తెలియదు. మా ప్రయోగశాలలో గ్రేటింగులు మూలన పడి ఉన్నాయి, రేపే తీసి చూస్తాను.

జయపురం నీలాకాశం (జయపురం):

సార్, ప్రయోగశాల గ్రేటింగులు ఎక్కువగా మిల్లీమీటరుకు 600 గీతల రకం. పిల్లలకు సూర్యకాంతి వర్ణపటంలోని నల్లని ఫ్రాన్‌హోఫర్ గీతలు చూపించడానికి సరిపోతాయి, ఈ పనికి చాలవు.

నాగావళి రేడియో (రాయగడ):

అందరూ కన్ను, కటకం గురించే మాట్లాడుతున్నారు. మబ్బు పట్టినా, వాన కురిసినా సాగే సౌరపరిశీలన ఒకటి ఉందని గుర్తుచేస్తున్నాను. సౌరజ్వాల వెలిగిన ఎనిమిది నిమిషాలకు ఎక్స్‌కిరణాలు భూమిని చేరి, పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరల, అంటే అయనావరణపు, అడుగుపొరను మరింత అయనీకరిస్తాయి. దూరం నుంచి ఆ పొర కింద ప్రయాణించి వచ్చే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో సంకేతం బలం ఒక్కసారిగా మారి, తరువాత నెమ్మదిగా యథాస్థితికి వస్తుంది. తమిళనాడులోని తిరునల్వేలి జిల్లా విజయనారాయణం దగ్గర మన నౌకాదళానికి 18.2 కిలోహెర్ట్‌జ్ ప్రసారకేంద్రం ఉంది. అక్కడికి రాయగడ నుంచి సరళరేఖలో 1300 కిలోమీటర్ల పైచిలుకు. చెక్కచట్రం మీద రాగితీగ చుట్టిన యాంటెన్నా, చిన్న ఆంప్లిఫయరు ఉంటే చాలు. కంప్యూటరు సౌండుకార్డు సెకనుకు 48 వేల నమూనాలు తీసుకునేదైతే ఆ సంకేతాన్ని నేరుగా నమోదు చేస్తుంది. అమెరికాలోని చరనక్షత్ర పరిశీలకుల సంఘం, ఆవ్సో, 1944లో సౌరవిభాగాన్ని ప్రారంభించింది. మచ్చల లెక్కలతోపాటు ఈ రేడియో నమోదులను కూడా ఔత్సాహికుల నుంచి స్వీకరిస్తుంది.

చిక్కల్లా ఇంట్లోని ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టరు. యాంటెన్నాను వీలైనంత దూరంగా, పెరట్లో పెట్టుకోవాలి.

గుణుపురం మాస్టారు (గుణుపురం):

వానాకాలపు మాట వచ్చింది కాబట్టి మరొక పని. సోహో అనే ఉపగ్రహం 1995 డిసెంబరులో బయలుదేరి, సూర్యుడి చుట్టుపక్కలి బొమ్మలు పంపుతోంది. సూర్యుడికి అతి దగ్గరగా పోయే తోకచుక్కలను ఆ బొమ్మలలో వెతికేవారిలో అత్యధికులు ఔత్సాహికులే. 2024 మార్చిలో అలా దొరికిన తోకచుక్కల సంఖ్య 5000కు చేరింది. ఇంటర్నెట్టు, ఓపిక ఉంటే టెలిస్కోపే అక్కరలేదు. ఇకపోతే ఒకే పరికరాన్ని చాలామంది చేతికిస్తే ఏమవుతుందో 2017 ఆగస్టు 21న అమెరికా జాతీయ సౌర పరిశోధనశాల చూపించింది. గ్రహణపు దారి పొడవునా 68 చోట్ల ఒకే రకం టెలిస్కోపులతో స్వచ్ఛంద బృందాలను నిలిపింది. ఒక్కచోట రెండున్నర నిమిషాలు మాత్రమే కనబడే లోపలి కరోనాను (సూర్యుడి బయటి వాతావరణంలో లోపలి భాగాన్ని) గంటన్నర సేపు చూడడం దాని ఉద్దేశం.

కాశీనగరం టీచరమ్మ (కాశీనగరం):

గ్రహణాలు వచ్చినప్పుడు చూద్దాము. మన దేశంలో తరువాతి కంకణ గ్రహణం 2031 మే 21న, అదీ కేరళ, తమిళనాడు వైపు. అంతవరకూ ప్రతి ఉదయం చేయగలిగిన పని గురించి ఒక నిర్ణయానికి వద్దాము.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ ధన్యవాదాలు. నేను అడిగినదానికంటే చాలా ఎక్కువే దొరికింది. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం, ఈ నాలుగుచోట్ల మచ్చల లెక్క మొదలుపెడదామని ప్రతిపాదిస్తున్నాను. మేము వంశధార లోయలో మంచు పట్టి చూడలేనిరోజు బరంపురంలో ఆకాశం తేటగా ఉండవచ్చు. నాలుగుచోట్ల వచ్చిన లెక్కల సగటు తీసి ఒకే కేంద్రం పేరున సిల్సోకు పంపితే రోజులు తప్పిపోకుండా ఉంటాయి గదా?

బరంపురం విద్యార్థి (బరంపురం):

అన్నగారూ, అలా మాత్రం చేయకూడదు. ఒకరోజు ముగ్గురు, మరొకరోజు ఒక్కరు చూస్తే ఆ సగటుకు స్థిరమైన గుణకమంటూ ఉండదు. మాస్టారు చెప్పిన కుంచం రోజూ మారిపోతుంది. ఎవరి లెక్క వారిదే, ఎవరి పేరు వారిదే. తప్పిపోయిన రోజులు తప్పిపోనివ్వండి, ఆ ఖాళీలను పూరించడానికే ప్రపంచమంతటా అంతమంది ఉన్నారు.

మరి రెండు నియమాలు కూడా పెట్టుకుందాము. చూడకముందు ఇంటర్నెట్టులో ఆనాటి సూర్యుడి బొమ్మ చూడకూడదు. ఎక్కడ మచ్చ ఉందో ముందే తెలిస్తే, మామూలుగా కనబడనిది కూడా కనబడినట్లే తోస్తుంది. రెండవది, మచ్చలేమీ లేని రోజున సున్న అని రాయాలి, మబ్బు పట్టి చూడలేని రోజున గడి ఖాళీగా వదలాలి. ఈ రెండింటినీ కలిపేస్తే, మచ్చలు కరువయ్యే సంవత్సరాల లెక్క పనికిరాకుండా పోతుంది.

గుణుపురం మాస్టారు (గుణుపురం):

బాబు చెప్పినది అక్షరాలా పాటించాలి. సమయం విషయానికి వస్తే, పొద్దెక్కేకొద్దీ మేడలు, రేకులు వేడెక్కి బింబం అంచు అలలు అలలుగా వణుకుతుంది, చిన్న మచ్చలు ఆ వణుకులో కలిసిపోతాయి. మనకు పొద్దు తొందరగా పొడుస్తుంది కాబట్టి ఉదయం ఎనిమిది గంటలు అనువైన సమయం. నమోదులో మాత్రం సార్వత్రిక సమయం, రెండున్నర గంటలు, అని రాయాలి. గాలి నిలకడను ఒకటి నుంచి ఐదు వరకూ అంకెతో సూచించాలి. సమూహాలను విడదీయడంలో మొదట్లో అందరూ తడబడతారు. దగ్గరగా ఉన్న రెండు గుంపులు ఒకటా రెండా అని తేల్చడంలోనే పది అంకెల తేడా వస్తుంది. కొంతకాలం మనలో మనం బొమ్మలు పోల్చుకున్న తరువాతనే సిల్సోకు నమోదు చేసుకోవడం మంచిది. పోల్చుకోవడం కూడా నెల ముగిశాకనే, రోజూ కాదు.

రాయగడ భౌతికం (రాయగడ):

రాయగడను ఎందుకు వదిలేశారు? మా కళాశాలలో 60 మిల్లీమీటర్ల టెలిస్కోపు ఉంది. విద్యార్థులు ఏటా మారిపోతారు కాబట్టి లెక్క నేనే పెడతాను, వారు వేరే కాగితం మీద గీస్తారు. సెలవులలో కూడా విడవకుండా చూడగలనో లేదో ఒక నెల ప్రయత్నించి చెబుతాను.

కాశీనగరం టీచరమ్మ (కాశీనగరం):

మా బడి నుంచి కూడా నేను లెక్కపెడతాను, పిల్లల బొమ్మలు విడిగా భద్రపరుస్తాను. నమూనా పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటే బాగుంటుంది, మా తరగతిలో రెండు భాషలవారూ ఉన్నారు. పత్రం ఎవరు తయారుచేస్తారు?

బరంపురం విద్యార్థి (బరంపురం):

నేను చేస్తానమ్మా. ఒడియా పాఠం మా స్నేహితుడు చూసిపెడతాడు. పై భాగంలో తేదీ, సార్వత్రిక సమయం, టెలిస్కోపు వివరం, గాలి నిలకడ. నడుమ 15 సెంటీమీటర్ల వలయం, అడ్డగీత. కింద సమూహాల సంఖ్య, మచ్చల సంఖ్య. ఆదివారంలోగా ఇక్కడే పెడతాను. జిరాక్సు దుకాణంలో అచ్చు వేయించేటప్పుడు కాగితానికి సరిపోయేటట్లు తగ్గించే అమరికను తీసివేయమని చెప్పండి, లేకపోతే వలయం 14 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అచ్చు చేతికి రాగానే స్కేలుతో కొలిచి చూసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

పర్లాకిమిడి, కాశీనగరం రెండింటికీ కలిపి నేను అచ్చు వేయిస్తాను, టీచరుగారికి బస్సులో పంపిస్తాను. వచ్చే నెల ఒకటవ తేదీ నుంచి మొదలు. గుణుపురానికి కూడా కావాలంటే, మాస్టారూ, శనివారంలోగా చెప్పండి.

గుణుపురం మాస్టారు (గుణుపురం):

నాకు వంద కాగితాలు చాలు. ఫైండరుకు మూత వేయడం మరువకండి.